చీర పట్టుకున్న చేతులు

కబ్బన్‌పేట, బెంగళూరు
జూన్ 9

బంగారు తల్లి పల్లవికి,

మీ నాయన చెన్నయ్య మిద్దె మెట్ల మీద కూర్చుని, కాగితం తొడ మీద పెట్టుకుని, తనలో తను నవ్వుకుంటూ రాస్తున్నది ఏమంటే, నీ ఉత్తరం అందింది! అందింది తల్లీ!

పోస్టుమ్యాన్ కవరు చేతిలో పెడితే బ్యాంకువాళ్ల కాగితమేమో అనుకున్నాను. తిప్పి చూస్తే నీ చేతిరాత. నీ ‘ళ’ చిన్నప్పటిలాగే తోక తిప్పుకుని కూర్చుంది. ఇంట్లోకి వెళ్లేదాకా ఆగలేక వీధిలోనే చదివాను. చదివి మళ్లీ మొదటినుంచి చదివాను. ఎదురింటి భాగీరథమ్మ, “ఏమప్పా చెన్నయ్యా, ఒకడివే నగుతా ఉండావు, లాటరీ తగిలిందా?” అంది. “నా కూతురు నాకొక పని చెప్పిందమ్మా” అన్నాను. “పని చెప్తే ఇంత సంబరమా! మా ఇంటికి రా, గిన్నెలు సింకు నిండా ఉండాయి” అంది. ఆమె నోరు నీకు తెలుసు కదా.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను “ఆ, ఆ, బాగుండాను” అంటాను కదా, నిజం చెప్పేస్తున్నాను, నువ్వేమంటావో నాకు ఒక్క ముక్క వినపడదు. బతుకంతా పవర్‌లూమ్ పక్కన నిలబడిన చెవులు ఇవి. మీ అమ్మ ఉన్నప్పుడు ఫోన్ ఆమె చెవిలో ఉండేది. నువ్వు చెప్పింది ఆమె చేతులతో చూపించేది. జ్వరమంటే నుదుటి మీద చెయ్యి, వానంటే వేళ్లు కిందికి జల్లడం, అల్లుడి సంగతంటే మీసం తిప్పడం. నువ్వు అక్కడ నవ్వితే ఇక్కడ ఆమె నవ్వేది, ఆమెను చూసి నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ ఫోన్ ఉత్త డబ్బా. అందుకే నువ్వు కాగితం మీద రాశావు చూడు, నా కడుపు నిండింది.

ఇక పని సంగతి. పెళ్లి ఆల్బంల ఆఫీసు మానేసి, ఇంట్లోనే సొంతంగా ఫోటోలు సరిచేసే పని పెట్టుకుంటానన్నావు. దానికి మానిటర్ కావాలన్నావు. “ఆన్‌లైన్ బొమ్మల్లో అన్నీ బాగుంటాయి నాయనా, రంగు కంటితో చూస్తేనే తెలుస్తుంది, నీ కంటి మీద నాకు నమ్మకం” అని రాశావు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో అడగవద్దు. కంప్యూటర్ అంగళ్లన్నీ ఉండే ఎస్.పి. రోడ్డు మన సందు చివరే కదా! పొద్దున టీ దించి వెళితే అది చల్లారేలోగా చేరతాను. మీ నాయన ఉండగా నీకు మంచి మానిటర్ రాకపోవడమా?

అయితే నాకు తెలియనిది అడుగుతాను, నవ్వకు. దానికీ టీవీకీ తేడా ఏమి? ఏది చూడాలి, ఏది చూడకూడదు? చీరకైతే అంచు, కొంగు, బరువు చూస్తాను. దీనికి ఏమి చూడాలో విడమరిచి రాయి. పెద్ద ఉత్తరం రాయి.

ఇంకొకటి. నువ్వు ఎప్పుడు వస్తావు? అమ్మ సంవత్సరీకం తరవాత రానేలేదు. తొందరేమీ లేదు, ఊరికే అడిగాను.

నీ రాక కోసం గడప కడిగి ఉంచిన
నాయన


విశాఖపట్నం
జూన్ 20

నాయనా,

ఫోన్ వినపడదని ఇన్నాళ్లు చెప్పలేదా? పోయిన నెల నీ అల్లుడు వినయ్‌కు ఉద్యోగం మారిందని చెప్తే “ఆ, బాగుండాను” అన్నావు, కోపమొచ్చింది. ఇకమీదట ఉత్తరాలే రాస్తాను.

మానిటర్ గురించి రాస్తున్నాను, కాగితం జేబులో పెట్టుకుని వెళ్లు.

ఇరవై నాలుగు అంగుళాలు చాలు. వంపు తిరిగిన తెర వద్దు. ఆటలు ఆడేవాళ్ల మానిటర్లు చూపిస్తారు, చాలా వేగం అంటారు, నా ఫోటో ఎక్కడికీ పరుగెత్తదు, వేగం నాకెందుకు? ‘ఐపీఎస్’ తెర అని అడుగు. అది అవునో కాదో నువ్వే కనుక్కోవచ్చు. ఎదురుగా నిలబడి చూడు, తరవాత పక్కకు జరిగి చూడు, కాస్త వంగి చూడు. రంగు మారితే అది వద్దు. అద్దంలా మెరిసే తెరా వద్దు, నా ముఖమే నాకు కనిపిస్తుంది. నీడలు ఉన్నచోట బాగా చూడు. చవక తెరలో నీడంతా ఒకే ముద్ద అయిపోతుంది. మంచి తెరలో నీడలో కూడా వివరం ఉంటుంది. అన్నిటికన్నా అదే ముఖ్యం.

ఒక్కోసారి తెర మీద చచ్చిన చుక్క ఒకటి ఉంటుంది. ఏ ఫోటో పెట్టినా అదే చోట ఉంటుంది, ఫోటోను ఎంత పెద్దది చేసినా అది పెరగదు. అలాంటిది ఉంటే మార్చమను. వాడిన మానిటర్ వద్దు. పదిహేను వేలు దాటవద్దు.

కవరులో పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఒకే ఫోటో ఉంది, చీరల షావుకారు అంగడి కోసం నేను తీసిన చీర ఫోటో. ప్రతి అంగడిలోనూ అదే పెట్టించు. నీలం చీర, పక్కన సున్నం కొట్టిన పిట్టగోడ, కొంచెం మనిషి చర్మం కూడా ఉంది. చర్మం రంగు సరిగా వస్తే మిగతావి వచ్చినట్టే.

ఇప్పుడు రావడం కుదరదు. పని ఉంది.

పల్లవి


కబ్బన్‌పేట, బెంగళూరు
జులై 1

కొంచెం మనిషి చర్మం అని రాసిన నా పిచ్చి తల్లికి,

మీ నాయన కళ్లు తుడుచుకుని, మళ్లీ తడిసినాక మళ్లీ తుడుచుకుని రాస్తున్నాడు.

నేను చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. ఎస్.పి. రోడ్డులో నాగరాజ్ అని ఒక అంగడివాడు, మనవాడే, వాళ్ల తాత మన పేటలో పడుగు చేసేవాడట. లోపలికి పోగానే, “ఏం తాతా, సినిమా చూసేదానికా, మనవడు గేమ్ ఆడేదానికా?” అన్నాడు. “నా బిడ్డ ఫోటోలకు” అని నీ కాగితం తీసి చదివాను. “ఐపీఎస్సా! తాతా, నువ్వు అంతా చదువుకొని వచ్చినట్టుండావే” అన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో!

పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర వెలిగింది.

తల్లీ, ఆ వేళ్లు ఎవరివో నాకు తెలియదా?

నేను నేసిన చీర. మన మిద్దె. చీర ఇటు కొసనుంచి అటు కొసదాకా పరుచుకుని ఉంది, మనిషి కనపడదు. పైన అంచు మీద మాత్రం ఎనిమిది వేళ్లు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఎడమచేతి చూపుడువేలు కొంచెం వంకర. మగ్గం పనిలో ఆసుకుర్రు తగిలి విరిగి, నాటుకట్టుతో అతుక్కున్న వేలు. ఆ వేలితోనే కదా నన్ను బెదిరించేది!

నీకు గుర్తుందా, షావుకారు “ఎండకు పట్టి ఒక ఫోటో తీయమ్మా, ఒక్క పోగు తెగలేదని గిరాకీ చూడాల” అనేవాడు. నేత చీరను మేమెప్పుడూ ఎండకు పట్టే చూస్తాం కదా. మీ అమ్మ చీర చేతులు చాచి పట్టుకునేది. నువ్వు కెమెరా పట్టుకుని, “అమ్మా, కొంచెం దించు, ముఖం కనపడనీ” అంటే, “నా ముఖాన్ని ఎవురు కొంటారే? చీరను తీయి” అని ఇంకా పైకి ఎత్తేది.

నేను అంగడిలో నిలబడి తెర మీద ఆ వేళ్లను ముట్టుకున్నాను. నాగరాజ్, “తాతా, తెర ముట్టుకోవద్దు, మచ్చ పడుతుంది” అన్నాడు. పాపం, వాడికేం తెలుసు. “ఆమె నా భార్యప్పా” అన్నాను. వాడు తువ్వాల ఇచ్చి, “అయితే ముట్టుకో, తరవాత తుడుస్తాను” అన్నాడు. మంచివాడు.

నువ్వు చెప్పినట్టే పక్కకు జరిగి చూశాను, వంగి చూశాను. కొన్ని తెరలు డబుల్ షేడ్ పట్టులాగా ఉన్నాయి, ఇటు చూస్తే ఒక రంగు, అటు చూస్తే ఒక రంగు. మేము అలా రావాలని పడుగుకు ఒక రంగు, పేకకు ఒక రంగు పెట్టి నేస్తాం. మాకు గొప్ప అయినది నీకు దోషమైంది చూడు! అవన్నీ పక్కన పెట్టించాను.

ఈరోజు ఏదీ కొనలేదు. ఇంకో అంగడి చూడాలి, ఇంకో రోజు చూడాలి. ఇంత పెద్దగా, ఇంత వెలుతురులో మీ అమ్మ వేళ్లను నేనెప్పుడు చూశాను? ఇంట్లో గోడ మీదున్న ఫోటోలో చేతులు లేవు కదా.

ఉత్తరం రాయి. అల్లుడికి కొత్త ఉద్యోగం బాగుండాలి, ఇప్పుడైనా విన్నాను.

ఎస్.పి. రోడ్డు చుట్టూ తిరుగుతున్న
నాయన


విశాఖపట్నం
జులై 14

నాయనా,

ఆ వేళ్లు నువ్వు గుర్తుపడతావని తెలుసు. తెలిసే పంపాను. రాయడానికి చేతకాలేదు.

నా ల్యాప్‌టాప్ తెర మీద ఆ వేళ్లు ఒక రకంగా ఉంటాయి, ప్రింట్ తీస్తే బూడిద రాసినట్టు వస్తాయి. ఎన్నిసార్లు సరిచేసినా అంతే. తెర నాకు నిజం చెప్పడం లేదు. అందుకే మంచిది కావాలి. పెళ్లికూతుళ్ల కోసం మాత్రమే కాదు.

ఇంకెన్ని అంగళ్లు చూస్తావు? తీరిగ్గా చూడు, కానీ ఎండలో తిరగకు. ఏ తెర మీద వేళ్లు అమ్మ వేళ్లలా ఉన్నాయో రాయి. చీర ఎలా ఉంది? గోడ తెల్లగా ఉందా?

ఈసారి నీ ఉత్తరంలో వరుసలన్నీ కిందికి జారుతున్నాయి. నువ్వు గీత గీసినట్టు రాసేవాడివి. మెట్ల మీద కూర్చుని రాయకు, బల్ల మీద పెట్టుకుని రాయి.

పల్లవి


కబ్బన్‌పేట, బెంగళూరు
జులై 29

నా ఉత్తరంలో తప్పులు పట్టే పెద్దమనిషికి,

బల్ల మీదే రాస్తున్నాను తల్లీ. వరుసలు జారితే జారనీ, అవి నీ దగ్గరకే కదా జారుతున్నాయి.

ఎస్.పి. రోడ్డు మొత్తం ఇప్పుడు నన్ను ఎరుగుదురు. “చీర తాత వచ్చినాడప్పా” అంటారు. ఒకరు కుర్చీ వేస్తారు, ఒకరు బాదాంపాలు తెప్పిస్తారు. ఫోటో పెట్టించుకుని కాసేపు కూర్చుంటాను. మీ అమ్మతో బజారుకు వచ్చినట్టే ఉంటుంది. నీకు మానిటర్ కావాలి కాబట్టి నాకు రోజూ ఈ భాగ్యం దొరికింది, నువ్వు చల్లగా ఉండాలి!

అయితే ఒక్క చిక్కు. ఈ మానిటర్ల వాళ్లంతా కలిసి మోసం చేస్తున్నారు. నేను నేసింది నీలం చీర. ఆ రంగు నూలు నేనే తెచ్చాను, నాకు తెలియదా? ఈ తెరల మీద ఆ చీర పచ్చగా ఉంటుంది. ఏ అంగడికి పోయినా పచ్చే. సున్నం గోడ నానబెట్టిన పెసరపప్పు రంగులో ఉంటుంది. వేళ్లయితే పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి. అది మాత్రం నాకు బాగానే ఉంది, శుక్రవారం పూట ఆమె చేతులు అలాగే ఉండేవి.

నాగరాజ్‌ను అడిగాను, “ఇదేమప్పా, అంగడి దీపాల మాయా? చీరను దీపం కింద చూసి కొనేవాడు వెర్రివాడు. మానిటర్ వీధిలోకి తీసుకురా, ఎండలో చూస్తాను.” వాడు తల పట్టుకున్నాడు. “తాతా, అది చీర కాదు, దానికి వైరు ఉండాది!” అన్నాడు. నేను వదలలేదు. చివరికి పాపం, పొడుగు వైరు తెచ్చి, గడప దగ్గర బల్ల వేసి, మానిటర్ పెట్టాడు. ఎండలో ఏమీ కనపడలేదు, నా ముఖమే కనిపించింది. వీధంతా నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి తెచ్చాక “నీలమే ఉండాది చూడు తాతా” అన్నాడు. పచ్చగా ఉన్నదాన్ని నీలమంటే నేను ఒప్పుకోవాలా?

నిజం చూపించే తెర దొరికేదాకా నేను విడవను. నీకు మాటిచ్చాను.

పండక్కయినా వస్తావా? కుదరకపోతే వద్దులే.

వీధిని నవ్వించిన
నాయన


విశాఖపట్నం
ఆగస్టు 8

నాయనా,

ఒక అంగడిలో పచ్చగా ఉంటే ఆ తెర తప్పు. అన్ని అంగళ్లలో పచ్చగా ఉంటే?

నేను అడిగిన వాటికి జవాబు రాయి, నవ్వించకుండా రాయి. ఉప్పు పళ్లెంలో పోసుకుని చూడు. ఏ రంగులో ఉంది? ఎడమ కన్ను మూసి చూడు, తరవాత కుడి కన్ను మూసి చూడు. వీధి దీపం చుట్టూ వెలుగు గుండ్రంగా పరుచుకుంటోందా? ఎప్పటినుంచి? భాగీరథమ్మకు తెలుసా?

నాకు అబద్ధం రాయవద్దు. అమ్మ విషయంలో చివరిదాకా ‘బాగుండాది’ అన్నారు నువ్వూ అమ్మా ఇద్దరూ.

పల్లవి


కబ్బన్‌పేట, బెంగళూరు
ఆగస్టు 19

తల్లీ,

ఉప్పు పచ్చగా ఉంది.

పోయిన సంవత్సరమే కంటి ఆసుపత్రిలో శుక్లం అన్నారు, రెండు కళ్లకూ. కుడిది ముదిరిందన్నారు, ఆపరేషన్ చెయ్యాలి, తోడు ఎవరినైనా పిలుచుకుని రా అన్నారు. తోడు అంటే నువ్వే కదా. నీకు పెళ్లిళ్ల పని. నువ్వు రానప్పుడు ఏదో కారణం ఉండే ఉంటుంది, నేను కన్ను చూపించి నిన్ను రప్పించుకోవాలా అనుకున్నాను. దీపం చుట్టూ గుండ్రం పడుతుంది. అది ఏదో అందంగానే ఉందిలే అనుకున్నాను.

ఇది దాచడం తప్పే. అయితే దానికన్నా ఒకటి చెప్తాను, విను. “నీ కంటి మీద నాకు నమ్మకం” అని రాశావు చూడు. కన్ను పోయిందని చెప్తే ఈ పని నాకు ఇవ్వవు, ఇంకెవరికో చెప్తావు, ఉత్తరాలు ఆగిపోతాయి అనుకున్నాను. అంతే తల్లీ.

తెరలు మంచివే. ఆ నాగరాజ్‌ను అనవసరంగా అన్ని మాటలన్నాను.

నాయన


విశాఖపట్నం
సెప్టెంబర్ 22

నాయనా,

క్షేమంగా చేరాను. ఆపరేషన్ అయిన కుడి కంట్లో చుక్కల మందు మానవద్దు. దుమ్ములోకి పోవద్దు, ఎస్.పి. రోడ్డుకు అసలే పోవద్దు, డాక్టర్ సరేననేదాకా. నల్లద్దాలతో నువ్వు గడపలో కూర్చుంటే భాగీరథమ్మ “హీరో వచ్చినాడు, డబ్బులు చల్లండి” అన్నప్పుడు నువ్వు కాలరు సర్దుకున్నావే, రైలులో అది తలుచుకుని నవ్వుకున్నాను.

నువ్వు నిద్రపోయినప్పుడు గోడ చూశాను. అమ్మ ఫోటో ఉన్నచోట అంగడివాళ్ల క్యాలెండర్ తగిలించావు. ఫోటో కన్నా క్యాలెండర్ చిన్నది, చుట్టూ సున్నం తెల్లగా పట్టీలా కనిపిస్తూనే ఉంది. ఫ్రేము బియ్యం డ్రమ్ము వెనక దొరికింది, చీరలో చుట్టి ఉంది. నేను ఎందుకు రావడం లేదో నీకు తెలుసని అప్పుడు తెలిసింది. నువ్వు ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఫోటో ఆధార్ కార్డు నుంచి తీసి పెద్దది చేసింది. కార్డువాడు “కదలొద్దు, నవ్వొద్దు” అంటే అమ్మ భయపడి పెదాలు బిగబట్టింది. ఆ ముఖం అమ్మది కాదు. అయినా దండ వేయడానికి మనకు అదొక్కటే దొరికింది. ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ ముఖాల మీద మచ్చలు తుడిచి మెరిపిస్తాను. మా అమ్మ ముఖం మాత్రం నా దగ్గర లేదు. పాత డిస్కులన్నీ వెతికాను. చీరలు, చీరలు, చీరల పైన వేళ్లు. గడప దాటగానే ఆ బిగబట్టిన పెదాలు ఎదురవుతాయి, అందుకే రాలేకపోయాను.

ముఖం లేకపోతే పోనీ, ఆ చేతులైనా సరిగా ప్రింట్ తీసి ఆ గోడకు తగిలించాలని అనుకున్నాను. చేతులు నిజంగా చేతుల్లా ఉండాలి. అందుకే మానిటర్. అది తగిలించాక ఇంటికి రావడం నాకు కష్టం కాదు.

ఈసారి నేను నీ కంటి మీద నమ్మకం అని రాయను. తీరిగ్గా చూడు. ఎంత కాలమైనా పట్టనీ. మానిటర్ కొన్నాక కూడా ఉత్తరాలు రాస్తాను.

పల్లవి


కబ్బన్‌పేట, బెంగళూరు
అక్టోబర్ 17

పల్లవీ, నా పల్లవీ,

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరుసలు చూడు, గీత గీసినట్టున్నాయా లేదా!

డాక్టర్ సరేనన్నాడు. మరుసటి పొద్దున్నే బయలుదేరాను. వీధి చూసి బిత్తరపోయాను తల్లీ. ఆకాశం ఇంత నీలంగా ఉంటుందని మరిచేపోయాను. భాగీరథమ్మ తల ఇంత నెరిసిందని ఇప్పుడే తెలిసింది, నోరు జారి అనేశాను కూడా. “నీ కన్ను బాగయ్యి నాకేం లాభం!” అని తలుపేసుకుంది.

నాగరాజ్ లేచి నిలబడి, “రా తాతా, కొత్త కన్ను తెచ్చినావా?” అన్నాడు. ముందు వాడికి చేతులు జోడించాను. “అయ్యో, ఏంది తాతా ఇది” అని చేతులు పట్టుకున్నాడు. నీ కాగితం తీసి బల్ల మీద పరిచాను. రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టించాను. ఒకటి చవకది. రెండోది కొంచెం పాత మోడల్, విప్పని పెట్టె, అందుకే నీ లెక్కలోకి వచ్చింది. రెండింటిలోనూ మన ఫోటో.

నీలం! నేను నేసిన నీలం! పాత కన్ను ఒకటే తెరిచి చూస్తే పచ్చ, కొత్త కన్నుతో చూస్తే నీలం. నేనే డబుల్ షేడ్ అయిపోయాను. గోడ సున్నం తెలుపు. వేళ్లు చామనఛాయ, మీ అమ్మవే, ఏ పసుపూ లేదు, వంకర వేలి మీద గాటు కూడా కనిపించింది.

అప్పుడు రెండో మానిటర్‌లో ఒక చుక్క కనిపించింది.

చీర నడిమికి కాస్త పైన, కందిబద్ద అంత. చవక తెరలో లేదు. “నాగరాజప్పా, ఇది వద్దు, చచ్చిన చుక్క ఉండాది” అన్నాను. వాడు ముఖం ముడుచుకుని ఫోటో తీసేసి తెల్లగా పెట్టాడు. చుక్క లేదు. మళ్లీ ఫోటో పెట్టాడు. చుక్క ఉంది. “తాతా, చుక్క తెరలో లేదు, నీ చీరలో ఉండాది” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. నా నేతలో మచ్చా! ఆ చీర నేను ఎండకు పట్టి చూసి షావుకారుకు ఇచ్చినది. ఒక్క పోగు తప్పు పోలేదు. “పెద్దది చెయ్యి” అన్నాను. చేశాడు. నువ్వు ఏమి రాశావు? చచ్చిన చుక్క పెరగదని కదా! ఇది పెరిగింది. ఇంకా పెద్దది చేశాడు, ఇంకా పెరిగింది. దాని పక్కన ఒక వంపు. వంపు కింద ఇంకో నీడ.

నేను ఆ వంపును చూస్తూ నిలబడిపోయాను. నాగరాజ్ ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. నా చెవుల వల్ల కాదు.

తల్లీ, అది ముక్కుపుడక.

ఆరోజు మిద్దె మీద గాలి ఉంది. గాలికి చీర ఆమె ముఖానికి అంటుకుంది. వెనకనుంచి ఎండ. ఆ చీర ఎంత పలచనిదో నాకు తెలుసు, నేను నేసిందే కదా. మొదట నేను చీర మడత నీడ అనుకున్నది మడత కాదు. ముక్కు, దాని పక్కన పుడక, ఆ కింద పెదాలు. బిగబట్టినవి కావు. తెరుచుకుని ఉన్నాయి, బుగ్గలు పైకి లేచి ఉన్నాయి. నవ్వుతోంది పల్లవీ! నువ్వు “ముఖం కనపడనీ అమ్మా” అని అరుస్తుంటే చీర వెనక దాక్కుని నవ్వుతోంది! పక్క తెరలో చూస్తే ఉత్త నీలం ముద్ద. ఈ తెరలో మీ అమ్మ. నీడలో వివరం చూడు, అన్నిటికన్నా అదే ముఖ్యం అని రాశావు, ఏ చేత్తో రాశావో!

ఇంకొకటి చూశాను. ముఖం వంచుకుని లేదు. పక్కకు తిప్పుకుని లేదు. నేరుగా ఉంది, కెమెరాకు ఎదురుగా. మనమంతా ఆ చీరను చూస్తుంటే, ఆమె చీరలోంచి నిన్ను చూస్తూ ఉండింది, ఆ చూపుకు ఎదురుగా నువ్వూ ఉన్నట్టే.

నేను అంగడిలో ఏడ్చాను. నాగరాజ్ షట్టరు సగానికి దించాడు, ఎవరూ చూడకుండా. “ఇదే ఇవ్వప్పా” అన్నాను. నేను ముట్టుకున్నచోట మచ్చ పడిందని వాడు తెరను తువ్వాలతో తుడవబోతే వద్దన్నాను.

ఇప్పుడు విను. పార్సిల్‌లో వెయ్యను. పార్సిల్ వాళ్లు ఎక్కడ ఎత్తేస్తారో. వచ్చే వారం రైలుకు వస్తున్నాను, ఒళ్లో పెట్టుకుని తెస్తాను. అల్లుడిని స్టేషన్‌కు పంపు, కేక వేస్తే నాకు వినపడదు, చెయ్యి ఊపమను. నీ ఇంట్లో దాన్ని నేనే పెడతాను, నువ్వు కళ్లు మూసుకుని కూర్చో, నేను చెప్పినాక తెరువు. ప్రింట్ తీసినాక మనిద్దరం కలిసి ఇంటికి వద్దాం. గోడ మీద చోటు అలాగే ఉంది, క్యాలెండర్ కూడా తీసేశాను.

ఒక్కటే బతిమాలుకుంటాను. కనిపించిన మచ్చనల్లా తుడిచేసే చెయ్యి నీది. ఆ ముక్కు పక్కన చుక్కను మాత్రం ముట్టుకోకు తల్లీ, అలాగే ఉండనీ.

మీ అమ్మనూ నిన్నూ ఒక్క తెరలో చూసిన
నాయన